మోటారు ఎందుకు కాలింది?

చిత్తూరు, పలమనేరు వైపు పల్లెల్లో పిల్లలకు బాగా తెలిసిన దృశ్యం ఒకటుంది. బోరు దగ్గర మూడుకాళ్ల స్టాండు నిలబెడతారు. వందల అడుగుల లోతు నుంచి ఒక్కొక్క పైపే పైకి లాగుతారు. చిట్టచివర మోటారు బయటికి వస్తుంది. మెకానిక్కు దాన్ని విప్పి చూసి "కాలిపోయింది" అంటాడు. వైండింగు చుట్టించి మళ్లీ దించేసరికి నాలుగు రోజులు పడుతుంది. ఊడలు దిగుతున్న వేరుశనగ చేను అన్నాళ్లు తడి లేకుండా ఆగదు.

"ఎందుకు కాలిందన్నా?" అని అడగండి. "లో వోల్టేజి" అంటాడు.

ఇక్కడే చిక్కు. వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గాలని కదా మనం చదువుకున్నాం! కరెంటు తగ్గితే మోటారు చల్లగా ఉండాలి గాని, కాలడమేమిటి?

ముందు చదువుకున్నదాన్నే ఒకసారి సరిచూద్దాం. జర్మనీలో బడిపంతులుగా పనిచేసిన జార్జి సైమన్ ఓమ్ 1827లో ప్రకటించిన నియమం ప్రకారం, వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. అవే రెండు సంఖ్యలను గుణిస్తే సామర్థ్యం, అంటే వాట్లు వస్తాయి. 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల ఇస్త్రీపెట్టె తీసుకోండి. 1000ని 230తో భాగిస్తే కరెంటు 4.35 ఆంపియర్లు. 230ని 4.35తో భాగిస్తే నిరోధం సుమారు 53 ఓములు. వోల్టేజి 190కి పడిపోయిందనుకోండి. తీగ నిరోధం దాదాపు మారదు కాబట్టి కరెంటు 3.6 ఆంపియర్లకు, సామర్థ్యం 680 వాట్లకు దిగుతాయి. పెట్టె సరిగా కాగదు, అంతే. చొక్కా ముడతలు పోవు గాని పెట్టెకు ప్రమాదం లేదు.

మోటారు సంగతి వేరు. తిరుగుతున్న మోటారు తనకు వచ్చే వోల్టేజికి ఎదురుగా మరో వోల్టేజిని తానే పుట్టిస్తుంది. లోపలికి వచ్చే కరెంటును అదుపులో ఉంచేది ముఖ్యంగా ఈ ఎదురు వోల్టేజే. చుట్టల నిరోధం స్వల్పం. అందుకే మోటారు దగ్గర వోల్టులను ఆంపియర్లతో భాగించి, వచ్చిందే చుట్టల నిరోధం అనుకోకూడదు. బయట వోల్టేజి తగ్గినా, నీటిని పైకెత్తే పని తగ్గలేదు కదా! మోటారు వేగం కాస్త మందగిస్తుంది, ఎదురు వోల్టేజి తగ్గుతుంది, పని జరగడానికి కరెంటు పెరుగుతుంది. 5 హార్స్‌పవర్ల మూడు ఫేజుల మోటారు ఫేజుకు 230 వోల్టుల దగ్గర సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటే, 190 దగ్గర దాదాపు 9.7 తీసుకుంటుంది.

ఆ 1.7 ఆంపియర్లు చిన్నవిగా కనిపిస్తాయి. కాని తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఇంగ్లండుకు చెందిన జౌల్ 1841లోనే చూపాడు. 9.7 వర్గాన్ని 8 వర్గంతో భాగించండి: 1.47. అంటే వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు! చుట్టల మీది ఇన్సులేషన్ దానికి మాడిపోతుంది. ఇక మోటారు అసలు కదలకపోతే ఎదురు వోల్టేజే ఉండదు. కరెంటు ఐదారు రెట్లకు ఎగబాకుతుంది. కరెంటు రాగానే ఊరిలోని ఆటోమేటిక్ స్టార్టర్లన్నీ ఒక్కసారే మోటార్లను ఆన్ చేస్తే జరిగేది ఇదే.

ఇంతకీ ఆ 40 వోల్టులు ఎక్కడికి పోయాయి? దారిలోనే. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొలానికి కిలోమీటరు దూరం అనుకుందాం. 28 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ కిలోమీటరుకు సుమారు ఒక ఓము. ఆ లైను చివర ఐదు మోటార్లు ఉంటే తీగకు 40 ఆంపియర్లు. 40ని ఒకటితో గుణిస్తే 40 వోల్టులు! (పవర్ ఫ్యాక్టర్ సంగతి పై తరగతుల్లో వస్తుంది, ఇక్కడ ఉజ్జాయింపు చాలు.) ఒక్కో తీగలో 40 × 40 × 1, అంటే 1600 వాట్లు వేడిగా పోతాయి. మూడు తీగల్లో కలిపి 4800. ఒక 5 హార్స్‌పవర్ల మోటారు వాడుకునేది దాదాపు ఇంతే. ఐదు మోటార్ల లైను మీద కంటికి కనిపించని ఆరో మోటారు నడుస్తున్నదన్నమాట, చుక్క నీరు తోడకుండా!

తీగలను లావు చేస్తే నష్టం తగ్గుతుంది. సగం చేయాలంటే రెట్టింపు లోహం కావాలి. అంతకంటే తెలివైన దారి కరెంటునే తగ్గించడం. 400 వోల్టులకు బదులు 11,000 వోల్టుల లైనునే పొలం దాకా తీసుకుపోయి, రెండు మూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. తిరుపతి కేంద్రంగా 2000 నుంచి పనిచేస్తున్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ వ్యవసాయ లైన్లలో చేపట్టిన పద్ధతి ఇదే, దీన్ని హెచ్.వి.డి.ఎస్. అంటారు. వోల్టేజి 27.5 రెట్లు పెరిగింది కనుక, అంతే సామర్థ్యానికి 40 ఆంపియర్ల బదులు 1.45 చాలు. వర్గం చేసి మూడు తీగలకు లెక్కిస్తే నష్టం 6 వాట్ల పైచిలుకు మాత్రమే. 4800 ఎక్కడ, 6 ఎక్కడ! చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తమ వంతుగా కొంత తింటాయి, నిజమే. అయినా లాభమే ఎక్కువ.

బోరు లోపల మాత్రం తీగ తప్పదు. 200 మీటర్ల లోతుకు దిగిన రాగి కేబులులో ఒక్కో తీగ 4 చదరపు మిల్లీమీటర్లు, నిరోధం 0.85 ఓము. 8 ఆంపియర్లు పారితే ఒక్కో తీగలో ఎన్ని వోల్టులు పడిపోతాయి? మూడింటిలో కలిపి ఎన్ని వాట్లు పోతాయి? లెక్క చేసి చూడండి. (జవాబు: 6.8 వోల్టులు, సుమారు 163 వాట్లు.)