హార్మోనియం కొనేముందు

భజన బృందం వాళ్లు ఇంటింటా చందాలు పోగుచేసి హార్మోనియం కొంటారు. పైపై మెరుపు చూసి కొంటే ఆ డబ్బంతా నీళ్లపాలే.

హార్మోనియానికి గాలే ప్రాణం. ముందువైపు ఉన్న పిడులన్నీ లోపలికి నెట్టాలి. తిత్తిని నాలుగుసార్లు ఆడించాలి. గాలి నిండాక తిత్తి చేతికి గట్టిగా ఎదురు తన్నాలి. మెత్తగా దిగిపోతుంటే గాలి కారుతున్నట్టే.

తర్వాత పిడులు బయటికి లాగి, ఒక్కో మెట్టూ నొక్కి చూడాలి. ప్రతి మెట్టూ పలకాలి. వేలు తీయగానే పైకి లేవాలి.

శ్రుతి మార్చే రకానికి ధర ఎక్కువ. ఎప్పుడూ ఒకే శ్రుతిలో పాడేవాళ్లకు అది అక్కర్లేదు.

వాయించడం తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లాలి. రసీదు అడిగి తీసుకోవాలి. అది పదిమంది సొమ్ము. పది నిమిషాలు వాయించి చూశాకే కొనాలి.