లింగ పాత్ర

లింగ పాత్ర అనగా స్త్రీ ఇలా ఉండవలెను, పురుషుడు ఇలా ఉండవలెను అని ఒక సమాజం ఆశించే ప్రవర్తన, వేషధారణ, పనులు, బాధ్యతల సముదాయం. ఆంగ్లంలో దీనిని జెండర్ రోల్ అని అంటారు. ఈ పాత్రలు పుట్టుకతో వచ్చినవా, పెంపకం వలన ఏర్పడినవా అన్న ప్రశ్నపై జీవశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, మానవశాస్త్రం, సామాజిక శాస్త్రాలలో చాలాకాలంగా చర్చ జరుగుతున్నది. చదువు, ఆస్తి, ఉద్యోగం, ఇంటి చాకిరీలలో ఎవరి వాటా ఎంత అన్నది ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానాన్ని బట్టి నిర్ణయమవుతూ వచ్చింది. కనుక ఇది కేవలం పండితుల చర్చ కాదు.

పదాల అర్థం

శరీర నిర్మాణం, క్రోమోజోములు, హార్మోనులను బట్టి చెప్పేది జీవలింగం. దానిపై సమాజం నిర్మించుకున్న భావాలు, నియమాలను జెండర్ లేదా సామాజిక లింగం అంటారు. బిడ్డను కనుట జీవలింగానికి సంబంధించిన విషయం. బిడ్డకు స్నానం చేయించుట, అన్నం తినిపించుట తల్లి పనే అనుకొనుట సామాజిక లింగానికి సంబంధించిన విషయం. 'జెండర్ రోల్' అన్న పదాన్ని 1955లో జాన్ మనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు. 1972లో ఆన్ ఓక్లీ రచించిన గ్రంథం ఈ భేదాన్ని సామాజిక శాస్త్రంలో ప్రచారం చేసింది.

జీవశాస్త్ర ప్రభావం

మానవులలో సాధారణంగా స్త్రీలకు రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషులకు ఒక ఎక్స్, ఒక వై క్రోమోజోము ఉంటాయి. వై క్రోమోజోముపై గల ఎస్.ఆర్.వై. అనే జన్యువును 1990లో గుర్తించారు. పిండంలో వృషణాలు ఏర్పడుటకు ఇది నాంది పలుకుతుంది. వృషణాల నుండి వెలువడే టెస్టోస్టిరోన్ హార్మోను శరీరంతో పాటు కొంతవరకు ప్రవర్తనపై కూడా ప్రభావం చూపుతుంది. అడ్రినల్ గ్రంథి లోపం వలన గర్భంలోనే ఈ తరహా హార్మోనుల ప్రభావానికి అధికంగా గురైన బాలికలు, ఇతర బాలికల కంటే ఎక్కువగా బండ్లు, కార్లు వంటి బొమ్మలను ఎంచుకొంటారని పరిశోధనలలో తేలింది.

అయితే ఇవన్నీ సగటు భేదాలు. పురుషుల సగటు ఎత్తు స్త్రీల కంటే ఎక్కువే అయినా, ఎందరో పురుషుల కంటే పొడవైన స్త్రీలు ప్రతి ఊరిలోను కనిపిస్తారు. ప్రవర్తనలోని భేదాలలో అధిక భాగం ఎత్తులోని భేదం కంటే చిన్నవి. కనుక సగటును చూపి ఒక వ్యక్తి శక్తిని నిర్ణయించుట తర్కానికి నిలువదు.

ప్రవర్తన కూడా శరీరాన్ని మారుస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని సెబూ ప్రాంతపు పురుషులపై జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. తండ్రులైన తరువాత వారిలో టెస్టోస్టిరోన్ తగ్గినట్లు, బిడ్డల సంరక్షణలో ఎక్కువ సమయం గడిపేవారిలో అది మరింత తక్కువగా ఉన్నట్లు అందులో గమనించారు.

డేవిడ్ రైమర్ ఉదంతం

పెంపకమే సర్వస్వం అన్న వాదానికి పెద్ద దెబ్బ ఈ ఉదంతం. 1965లో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టిన కవల బాలురలో ఒకనికి, పసితనంలో సున్తీ సమయాన జరిగిన ప్రమాదంలో పురుషాంగం దెబ్బతిన్నది. జాన్ మనీ సలహాపై తల్లిదండ్రులు శస్త్రచికిత్స చేయించి ఆ బిడ్డను ఆడపిల్లగా పెంచారు. ఈ ప్రయోగం విజయవంతమైనదని మనీ చాలాకాలం ప్రకటించాడు. కాని ఆ బిడ్డ ఆ పాత్రలో ఇమడలేక తీవ్ర మనోవేదన అనుభవించాడు. సుమారు 14 ఏళ్ళ వయసులో నిజం తెలిసిన తరువాత పురుషునిగా జీవించాడు. 1997లో మిల్టన్ డైమండ్, కీత్ సిగ్మండ్‌సన్ ఈ వాస్తవాన్ని వెల్లడించారు. డేవిడ్ 2004లో ఆత్మహత్య చేసుకున్నాడు. మనిషి తనను తాను స్త్రీగా లేక పురుషునిగా భావించుట ఇతరుల ఇష్టం మేరకు మలచదగినది కాదని ఈ విషాదం తెలియజేస్తుంది. అయితే వంట ఎవరు చేయవలెను, మగ్గం ఎవరు నేయవలెను అన్నది వేరే ప్రశ్న. ఆ రెండింటినీ కలిపి చూడరాదు.

సమాజ, సంస్కృతుల ప్రభావం

ఒకే పని ఒకచోట పురుషులది, మరొకచోట స్త్రీలది కావచ్చును. తెలుగు నాట చేనేత కుటుంబాలలో మగ్గంపై నేయుట సంప్రదాయంగా ఎక్కువగా పురుషుల పని. నూలు చుట్టుట, కండెలు పట్టుట స్త్రీల పని. అస్సాం, మణిపూర్ రాష్ట్రాలలో మగ్గంపై నేసేవారు ప్రధానంగా స్త్రీలే. రెండు చోట్లా శరీర ధర్మం ఒక్కటే, మారినది ఆచారం.

ఇలా పంచిన పని భారం కొన్నిసార్లు కంటికి కనిపించదు. పోచంపల్లి తరహా పట్టుచీరకు ముందుగా ఆసు పోయవలెను. ఇందుకు స్త్రీలు చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించేవారు. తల్లి భుజాల నొప్పిని చూసిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించి, దానికి తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

వ్యవసాయ పద్ధతికి, లింగ పాత్రలకు సంబంధం ఉన్నదని ఎస్టర్ బోసెరప్ 1970లో ప్రతిపాదించింది. బలం ఎక్కువగా కావలసిన నాగలి వాడుకలో ఉన్న ప్రాంతాలలో పొలం పని పురుషులదైనదని, పార, గుద్దలితో సాగుచేసిన చోట స్త్రీల పాత్ర ఎక్కువగా ఉన్నదని ఆమె వాదం. 2013లో ప్రచురితమైన ఒక ఆర్థిక శాస్త్ర పరిశోధన ఈ వాదాన్ని బలపరచింది. నాగలి సంప్రదాయం గల దేశాల నుండి వలస వెళ్ళినవారి సంతానంలో సైతం ఆ భావాలు నిలిచి ఉన్నట్లు అందులో కనుగొన్నారు. శరీర బలంలోని భేదం మొదట ఆచారమై, అవసరం తీరిన తరువాత కూడా ఆచారంగానే మిగులుతుందని దీనిని బట్టి గ్రహించవచ్చును.

మేఘాలయలోని ఖాసీలలో వంశం తల్లి పేర సాగుతుంది. పూర్వికుల ఆస్తి చిన్న కుమార్తెకు చెందుతుంది. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో బంతిని బకెట్‌లో వేసే ఆటను పోటీగా ఆడుటకు ఖాసీ స్త్రీలలో 54 శాతం, పురుషులలో 39 శాతం ముందుకు వచ్చారు. పితృస్వామ్య సమాజమైన టాంజానియా మాసాయిలలో పురుషులు 50 శాతం, స్త్రీలు 26 శాతం మాత్రమే. అయితే ఖాసీలలో కూడా మేనమామ మాటకు విలువ ఎక్కువ. గ్రామసభ అయిన దర్బారు సంప్రదాయంగా పురుషులదే.

కళలు, భాష

తెలుగు నాటకరంగంలో, కూచిపూడి భాగవత మేళాలలో స్త్రీ పాత్రలను చిరకాలం పురుషులే ధరించారు. స్థానం నరసింహారావు, వేదాంతం సత్యనారాయణ శర్మ ఇందుకు ప్రసిద్ధులు. స్త్రీ నడక, చూపు, మాట తీరు నేర్చుకోదగిన విద్యలని వారి అభినయం నిరూపించింది. తరువాతి కాలంలో వెంపటి చినసత్యం వంటి గురువుల శిక్షణలో స్త్రీలు కూచిపూడిలో అధిక సంఖ్యాకులైనారు.

తెలుగు వ్యాకరణంలో కూడా ఒక విశేషం కలదు. ఏకవచనంలో 'అతడు వచ్చాడు' అంటాము. కాని 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది' అన్న వాక్యాలలో క్రియ ఒక్కటే. బహువచనంలో మాత్రం 'స్త్రీలు వచ్చారు', 'పురుషులు వచ్చారు' అని ఇద్దరికీ ఒకే రూపం. భాష రూపమే సమాజపు ఆలోచనకు కారణమని దీనిని బట్టి నిర్ణయించరాదు.

మార్పు

1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించిన కాలంలో, ఆడపిల్లకు చదువు తగదన్న భావం బలంగా ఉండేది. భారతదేశంలో స్త్రీల అక్షరాస్యత 1951లో సుమారు 9 శాతం, 2011లో సుమారు 65 శాతం. అరవై ఏళ్ళలో మానవ శరీరం మారలేదు. బడి తలుపులు తెరుచుకున్నాయి. 2014లో సుప్రీం కోర్టు హిజ్రాలు తదితరులను మూడవ లింగంగా గుర్తిస్తూ తీర్పు ఇచ్చింది.

ఇంటి పనిలో మార్పు నెమ్మదిగా ఉన్నది. కేంద్ర ప్రభుత్వ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటి పనులు చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 2019లో 299 నిమిషాలు, 2024లో 289 నిమిషాలు వెచ్చించారు. పురుషులు 2019లో 97, 2024లో 88 నిమిషాలు వెచ్చించారు. పిల్లలు చెప్పిన దానికంటే చూసినదే ఎక్కువగా నేర్చుకొంటారు. కనుక తరువాతి తరం లింగ పాత్రలకు తొలి పాఠశాల ఇల్లే అని సామాజిక శాస్త్రవేత్తలు భావిస్తారు.