విషానికి గురి నేర్పే వేట

తెల్లవారకముందే ఎల్లారెడ్డిలో బస్సెక్కాలి. కామారెడ్డిలో దిగి, హైదరాబాద్‌ బస్సు పట్టుకోవాలి. చేతిలో రిపోర్టుల ఫైలు, సంచిలో ఇంటి తిండి. చేరాల్సింది ఎంఎన్‌జే క్యాన్సర్‌ ఆస్పత్రికి. ఇంటికి తిరిగొచ్చాక వాంతులు, దువ్వెనకు చుట్టుకొచ్చే జుట్టు. ‘ఈ మందు రోగాన్ని చంపుతోందా, మనిషినా?’ కీమో చేయించుకునే ప్రతి ఇంట్లో వినిపించే ప్రశ్నే ఇది.

జవాబు డీఎన్‌ఏలో ఉంది. సిస్‌ప్లాటిన్‌ లాంటి మందులు డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. దాంతో కణం రెండుగా చీలలేక చచ్చిపోతుంది. అయితే వెంట్రుకల కుదుళ్లు, పేగుల లోపలి పొర కూడా చకచకా పెరిగే కణాలే. ఆ దెబ్బ వాటికీ తగులుతుంది.

మరి, గురి తప్పని మందు దొరకదా? తార్నాకలోని ఐఐసీటీలో డాక్టర్‌ అహ్మద్‌ కమాల్‌ బృందం ఏళ్ల తరబడి ఈ తరహా అణువులనే తయారుచేసింది. వాటి పేరు నోరు తిరగనిదే... పైరోలోబెంజోడయజపైన్లు. క్లుప్తంగా పీబీడీలు!

మట్టిలో పుట్టిన మందు

పీబీడీలను మొదట తయారుచేసింది మట్టిలోని స్ట్రెప్టోమైసిస్‌ బ్యాక్టీరియా. 1960లలో వెలుగుచూసిన ఆంత్రమైసిన్‌ ఆ కుటుంబానిదే. డీఎన్‌ఏ మెలికల సందులో దూరి గ్వానిన్‌ను పట్టేస్తుంది. కానీ గుండెకు చేటు చేసింది. అందుకు కారణమైన ముక్క లేని డీసీ-81 అనే మరో పీబీడీ శాస్త్రవేత్తలకు ఆధారమైంది. రెండేసి పీబీడీలను జతకలిపితే డీఎన్‌ఏ రెండు పోగులనూ కలిపి ముడేస్తాయి. ఐఐసీటీ బృందం అలాంటి జంటలను చేసింది, వేరే అణువులను అతికించీ చూసింది.

ముడి గట్టిదో కాదో ఎలా తెలుస్తుంది? దూడ థైమస్‌ గ్రంథి నుంచి తీసిన డీఎన్‌ఏను వేడిచేస్తారు. ఈ పరీక్షలో మామూలుగా 70 డిగ్రీల దగ్గర పోగులు విడిపోతాయి. ముడి ఎంత బిగుతైతే అంత ఎక్కువ వేడి కావాలి. బ్రిటన్‌ శాస్త్రవేత్తలు చేసిన ఎస్‌జేజీ-136 కలిపితే మరో 30 డిగ్రీలకు పైగా కావాల్సి వచ్చింది! ఇందులో నెగ్గినవాటిని గాజు పళ్లేల్లో పెంచిన క్యాన్సర్‌ కణాలపై ప్రయోగిస్తారు. ఐఐసీటీ అణువుల్లో కొన్ని అమెరికా జాతీయ క్యాన్సర్‌ సంస్థలో 60 రకాల కణాలపై ఈ పరీక్షకు వెళ్లాయి.

దారి చూపే యాంటీబాడీ

ముడి ఎంత గట్టిదైనా, మంచి కణానికి పడితే ప్రమాదమే. అందుకే పీబీడీ జంటను యాంటీబాడీకి కట్టి పంపే ఉపాయం వచ్చింది. అది సీడీ19 అనే గుర్తున్న బి కణాలను వెతికి పట్టుకుని, విషాన్ని లోపలికి చేరవేస్తుంది. అలా తయారైన జిన్‌లాంటాకు 2021 ఏప్రిల్‌లో అమెరికా అనుమతి లభించింది. చికిత్సలకు లొంగని ఒక రకం లింఫోమాకు వాడుతున్నారు. దుష్ప్రభావాలు పూర్తిగా పోలేదు. కానీ విషం దారి తెలుసుకుంది.

తార్నాకలో పుట్టిన పీబీడీలేవీ మందుల షాపు దాకా రాలేదు. అయినా ఆ శ్రమ వృథా కాదు. ఏ ముక్క కలిపితే ముడి బిగుస్తుందో, ఏది కలిపితే జారుతుందో అలాంటి ప్రయత్నాలే చెప్పాయి. ఎల్లారెడ్డి బస్సులో ఫైలు పట్టుకుని కూర్చున్న మనిషికి కావాల్సిందీ అదే... రోగాన్ని చంపి, తనను బతికించే మందు!