పశువు చూపు తెలిస్తే పాడి తేలిక

పాలు పితకబోతూ వెనుకనుంచి చేయి వేయగానే గేదె ఉలిక్కిపడి తన్నుతుంది, బిందె దొర్లిపోతుంది. పొగరని మనం కసురుకుంటాము. దాని కన్ను పనిచేసే తీరు తెలిస్తే ఆ కోపం రాదు.

గడ్డి మేసే జంతువుకు వెనుకటినుంచీ పులి భయం, తోడేలు భయం ఉన్నాయి. మేస్తూనే నాలుగు దిక్కులా కనిపెట్టగలిగినవే ఎక్కువగా బ్రతికి పిల్లలను కన్నాయి. ఇలా లక్షలాది సంవత్సరాలు గడవగా వాటి కళ్ళు తలకు ఇరుప్రక్కలా అమరాయి, కంటిపాప అడ్డంగా సాగింది. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 214 జాతుల జంతువులను పరిశీలించి, మేసే జంతువులకు కంటిపాప అడ్డంగానూ, పిల్లివలె పొంచి వేటాడే వాటికి నిలువుగానూ ఉండడం సాధారణమని తేల్చారు. మేక తల వంచి మేసినా కన్ను గుంటలో తిరిగి కంటిపాప నేలకు సమంగానే ఉంటుంది.

ఆవు తల తిప్పకుండానే సుమారు 330 డిగ్రీల మేర చూస్తుంది. సరిగ్గా వెనుక భాగం మాత్రం కనబడదు. రెండు కళ్ళూ కలిసి చూసే చోటు ముందు కొద్దిగానే ఉంటుంది గనుక లోతును త్వరగా పోల్చుకోలేదు. నేలపై నీడ పడినా, కాలువ అడ్డువచ్చినా అందుకే ఆగిపోతుంది. అప్పుడు కర్ర ఎత్తకండి. తల దించి చూసుకోనివ్వండి. ఎండలోనుంచి చీకటి కొట్టంలోకి తోలేటప్పుడూ కాస్త ఆగనివ్వాలి. దగ్గరకు వెళ్ళేటప్పుడు ప్రక్కనుంచి, పలకరిస్తూ వెళ్ళండి.

రాత్రి టార్చి వేస్తే పశువు కళ్ళు మెరుస్తాయి. కంటి వెనుక అద్దంవంటి పొర వెలుతురును తిప్పికొట్టి మసకలో చూపునకు సాయపడుతుంది. మనిషికి ఆ పొర లేదు.

అయితే ఎంత మంచి కన్నయినా విటమిన్ ఎ లేనిదే మసకలో పనిచేయదు. నెలల తరబడి ఎండుగడ్డి మీదే ఉన్న పశువు సందెవేళ గుంజలకు తగులుకుంటే రేచీకటి అని అనుమానించి పశువైద్యునికి చూపించండి. ఆరంభంలో పట్టుకుంటే నయమవుతుంది. చూడి పశువుకు ఈ లోపం ముదిరితే దూడ గుడ్డిదై పుట్టవచ్చు. ఆ చూపు మరల రాదు.

కనుక వేసవిలోనైనా చూడి పశువుకు రోజూ కొంత పచ్చిమేత దొరికేటట్లు ఇప్పుడే ఏర్పాటు చేసుకోవాలి. పుట్టిన దూడకు గంటలోపే ముర్రుపాలు పట్టాలి. దాని మొదటి విటమిన్ ఎ ఆ పాలలోనే ఉంది.