మెడ విరిస్తే నొప్పి ఎందుకు తగ్గుతుంది?

మెడనొప్పి ఎరుగని ఇల్లు ఈనాడు అరుదు. రోజంతా కుట్టుమిషను మీద వంగి పనిచేసే సోదరి, ఒళ్లో గ్రంథం ఉంచుకొని గంటల తరబడి కంఠస్థం చేసే విద్యార్థి, అర్ధరాత్రి దాకా తల వంచి ఫోను చూసే యువకుడు – వీరందరి భారాన్నీ మోసేది మెడే. నమాజు ముగింపులో సలాం చెప్పబోయి మెడ తిరగనప్పుడు గాని చాలామంది దానిని పట్టించుకోరు. అప్పుడు వినవచ్చే సలహా ఒకటే: "సెలూన్‌కు వెళ్లి ఒకసారి మెడ విరిపించుకో, పూస జరిగి ఉంటుంది, సరిపోతుంది."

ఆ విధంగా విరిపించుకున్న వారిలో చాలామందికి ఉపశమనం కలగడం నిజమే. కాని ఉపశమనం ఎంత నిజమో, దానికి చెప్పుకొనే కారణం అంత పొరపాటు. ఈ రెంటికీ ఉన్న తేడా ప్రతి కుటుంబమూ గ్రహించవలసినదని మేము భావిస్తున్నాము.

పూస జరిగిందా?

పూస తన చోటు నుంచి తప్పుకోవడం వల్ల నరం నొక్కుకుపోతుందనీ, చేతితో దానిని తిరిగి చోటికి చేర్చవచ్చుననీ ప్రచారం చేసినవారిలో ముఖ్యుడు డి. డి. పామర్. ఆయన 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ పట్టణంలో 'కైరోప్రాక్టిక్' అనే పద్ధతిని ప్రారంభించాడు. మన సెలూన్‌లలో మెడ విరిచే అలవాటు ఆయన నుంచి వచ్చినది కాదు. అయినా "పూస జరిగింది" అనే నమ్మకం మాత్రం రెండు చోట్లా ఒకటే.

మెడలో 7 పూసలున్నాయి. వాటిని కలిపే చిన్న కీళ్లలో నూనె వంటి ద్రవం ఉంటుంది. కీలును వేగంగా కదిపినప్పుడు లోపలి పీడనం ఒక్కసారిగా పడిపోయి ఆ ద్రవంలో వాయువుతో కూడిన ఖాళీ ఏర్పడుతుంది. మనకు వినిపించే 'టక్' శబ్దం దాని నుంచి పుట్టినదే. వేళ్ల మెటికలు విరిచినప్పుడు జరిగేదీ ఇదే. మెటిక విరిస్తే వేలి ఎముక చోటు మారనట్లే, ఆ శబ్దం పూస చోటికి చేరిందనడానికి సాక్ష్యం కాదు.

మారినది నొప్పి తెలిసే తీరు

మరి నొప్పి తగ్గినది ఎట్లా? దీనిని తెలుసుకోవడానికి పరిశోధకులు ఒక సులభమైన కొలత వాడతారు. ఒక పరికరంతో చర్మంపై క్రమంగా ఒత్తిడి పెంచుతూ పోతారు. ఒత్తిడి నొప్పిగా మారిన క్షణాన ఆ మనిషి చెబుతాడు. ఆ అంకెను నమోదు చేస్తారు. అంకె పెరిగితే నొప్పి పట్ల సున్నితత్వం తగ్గిందని అర్థం.

2007లో స్పెయిన్ పరిశోధకులు ప్రకటించిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులైన 15 మందికి మెడలోని అయిదవ, ఆరవ పూసల మధ్య కీలును ఒక్కసారి కదిపి, మోచేతుల వద్ద ఈ కొలత తీసుకున్నారు. కదిపినది మెడను, మొద్దుబారినది మోచేతుల నొప్పి! అదీ రెండు చేతులలోనూ. వారికి మెడలో జబ్బే లేదు, సరిచేయవలసిన పూసా లేదు. కనుక మార్పు జరిగినది ఎముకలో కాదు, నొప్పి కబురు మోసే నాడీ వ్యవస్థలో.

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. వెన్నుపాములో నొప్పి కబురుకు ఒక ద్వారం వంటిది ఉందనీ, స్పర్శ, కదలికల కబుర్లు ఆ ద్వారాన్ని కొంత మూయగలవనీ వారు వివరించారు. దెబ్బ తగిలిన చోటును మనం వెంటనే రుద్దుకోవడంలోని రహస్యం ఇదే. మెదడు సైతం కిందికి సంకేతాలు పంపి నొప్పిని అణచగలదు. మెడ కీలును చప్పున కదిపినప్పుడు ఈ రెండు మార్గాలూ పనిచేస్తాయని పరిశోధకుల అభిప్రాయం. అయితే మోచేతుల వద్ద కొలిచినది కదిపిన కొద్ది నిమిషాలకే. అంటే తెలిసినది తక్షణ ఫలితమే. కారణమైన వంగిన కూర్పూ, బలహీనమైన కండరాలూ ఎప్పటిలాగే ఉంటాయి. అందువల్లనే పదే పదే విరిపించుకోవాలనిపిస్తుంది.

మెడలోని రక్తనాళం

ఇక్కడే జాగ్రత్త అవసరం. మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకుపోయే రెండు ధమనులు మెడపూసల పక్కనున్న రంధ్రాల గుండా పైకి సాగుతాయి. మెడను బలంగా మెలితిప్పినప్పుడు వాటి లోపలి పొర చీలవచ్చు. చీలిన చోట రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఇది అరుదు. పైగా ముందే చీలిక ఏర్పడి, ఆ నొప్పితోనే చికిత్సకు వెళ్లేవారూ ఉంటారు. కాబట్టి ప్రతి సందర్భంలోనూ విరిచినవారినే నిందించడం న్యాయం కాదు. కాని అటువంటి మెడను గుర్తించి, చేయి వేయకుండా ఆసుపత్రికి పంపడానికి శిక్షణ కావాలి. క్షురకర్మలో ఎంత నేర్పరి అయినా ఆ విద్య ఆయనది కాదు.

మెడ విరిపించుకున్న తరువాత, లేక ఏ కారణం లేకుండానే, మునుపెన్నడూ ఎరుగని తీవ్రమైన మెడనొప్పి, తలనొప్పి, తల తిరగడం, వస్తువులు రెండుగా కనిపించడం, మాట తడబడడం, నడక తూలడం, ముఖం తిమ్మిరెక్కడం, మింగలేకపోవడం వంటివి కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. నిద్రపోతే తగ్గుతుందని ఊరుకోరాదు.

ఇంటి వద్దనే ఉన్న మార్గం

2012లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం మనకు శుభవార్త వంటిది. మెడనొప్పితో బాధపడే 272 మందిని మూడు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు నిపుణులు మెడ కీళ్లను కదిపారు. ఒక జట్టుకు మందులిచ్చారు. మరొక జట్టుకు ఇంటి వద్ద చేసుకొనే వ్యాయామం నేర్పారు. 12 వారాల తరువాత చూస్తే కీళ్లు కదిపించుకున్నవారు మందుల జట్టు కంటే మెరుగ్గా ఉన్నారు. కాని ఇంటి వ్యాయామం చేసినవారు ఇంచుమించు వారితో సమానంగా నిలిచారు!

ఆ వ్యాయామం కష్టమైనదీ కాదు. గడ్డాన్ని మెల్లగా వెనక్కి లాగడం, తలను నిదానంగా కుడిఎడమలకు తిప్పడం, పక్కలకు వంచడం, భుజాలను వెనక్కి తేవడం – ఒక్కొక్కటి 5 నుంచి 10 సార్లు, రోజులో పలుమార్లు. ఎక్కడా బలం ఉపయోగించరాదు, కుదుపు ఉండరాదు. నొప్పి చేతిలోకి పాకినా, చేయి పట్టు తప్పినా, జ్వరం ఉన్నా, పడిపోయి దెబ్బ తగిలినా ముందుగా వైద్యునికే చూపించాలి. కీళ్లు కదిపించుకోవలసి వస్తే అందులో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు వద్దకే వెళ్లాలి.

తల్లిదండ్రులారా! పిల్లల పుస్తకం ఒళ్లో కాక రిహాలు మీద, కంటికి దగ్గరగా ఉండేటట్లు చూడండి. అరగంటకొకసారి వారిని లేపి భుజాలు కదిలించమనండి. సెలూన్‌కు వెళ్లే కుమారునికి, "తల మర్దన చాలు, మెడ తిప్పవద్దని ముందే చెప్పు" అని నేర్పండి. ఆ ఒక్క మాట చెప్పడంలో మొహమాటం అక్కరలేదు.