చీలమండ బెణికినప్పుడు

చెరుకుపల్లి ప్రాంతపు పొలం గట్లు ఎరిగినవారికి కాలు బెణకడం కొత్త సంగతి కాదు. కృష్ణా డెల్టాలోని నల్లనేల తడిస్తే జారుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. నారుకట్టలతో గట్టు దిగే కూలీకీ, కబడ్డీ కూతలో చటుక్కున పక్కకు తిరిగే ఆటగాడికీ దెబ్బ తగిలేది ఒకే చోట. “బెణుకే కదా” అని కొందరు ఆ పూటే పనిలోకి దిగుతారు. మరికొందరు కాలు లాగించి, గట్టిగా తోమించుకుంటారు. రెండూ చేటు తెచ్చేవే. ఎందుకో తెలియాలంటే ముందు ఆ కీలు ఎట్టిదో చూడాలి.

కీలు నిర్మాణం

మోకాలి దిగువన రెండు ఎముకలు ఉన్నవి. లోపలివైపు లావుపాటిది అంతర్జంఘిక, వెలుపలి సన్ననిది బహిర్జంఘిక. వీటి కొనలే చీలమండకు ఇరుపక్కల చేతికి తగిలే గుబ్బలు. బావి గిలక రెండు గుంజల నడుమ ఇమిడినట్లు, ఈ గుబ్బల నడుమ టేలస్ అనే ఎముక ఇమిడి ఉంటుంది. ఈ గిలక ముందువైపు వెడల్పు, వెనుకవైపు ఇరుకు. పాదాన్ని పైకి వంచితే వెడల్పు భాగం బిగుస్తుంది. వేళ్లను కిందికి చాచితే ఇరుకు భాగం గుబ్బల నడుమకు వచ్చి కీలు వదులవుతుంది. గట్టు దిగేటప్పుడు ముందుగా నేలను తాకేవి వేళ్లే గదా! అప్పుడు జారితే పాదం లోపలికి మడతపడి, ఒంటి బరువంతా వెలుపలి పట్టీలపై పడుతుంది.

ఎముకను ఎముకతో కట్టి ఉంచే ఈ పట్టీలను సంధిబంధనాలు అంటారు. వెలుపలివైపు ముఖ్యమైనవి మూడు. వాటిలో ముందున్నది బలహీనమైనది కనుక సాధారణంగా మొదట తెగేది అదే. నారలు సాగితే చిన్న బెణుకు, కొంత తెగితే నడిమిరకం, పూర్తిగా తెగితే పెద్ద బెణుకు.

బెణుకా, విరుపా?

వాపునుబట్టి దీనిని నిర్ణయించలేము. కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్, ఆయన సహచరులు 1992లో ఇందుకు సులభమైన నియమాలు ప్రకటించారు. గుబ్బ కొననుగాని, దాని వెనుక అంచున 6 సెంటీమీటర్ల మేర ఎముకనుగాని నొక్కితే నొప్పి పుట్టినా, దెబ్బ తగిలినప్పుడూ, పరీక్షించేటప్పుడూ కుంటుతూనైనా నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. పాదం నడుమ నొప్పి ఉన్నా, వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా వైద్యునికి చూపాలి. చిన్న పిల్లలు, మధుమేహంవల్ల పాదాల స్పర్శ తగ్గినవారు ఈ నియమాలపై ఆధారపడరాదు. విరిగిన ఎముకను లాగితే అది స్థానం తప్పవచ్చు. బెణికిన కాలును లాగితే సగం తెగిన నారలు మరింత తెగవచ్చు.

మొదటి రోజులు

కాలికి విశ్రాంతి ఇచ్చి, దిండ్లపై గుండెకంటె ఎత్తున ఉంచాలి. గుడ్డలో చుట్టిన మంచుముక్కలను 15 నిమిషాలకు మించకుండా, రోజుకు కొన్నిసార్లు పెట్టవచ్చు. దానివల్ల నొప్పి తగ్గుతుంది. సాగే పట్టీ కట్టవచ్చు, కాని వేళ్లు నీలిబారేటంత బిగించరాదు. తొలి రెండు మూడు రోజులు కాపడం, మర్దన, మద్యం పనికిరావు.

మళ్లీ బెణకకుండా

నెలలకొద్దీ కదలక పడుకోవడమూ మేలు కాదు. నొప్పి తగ్గుముఖం పట్టగానే, బొటనవేలితో గాలిలో అ, ఆ, ఇ, ఈ లు రాయడం మంచి వ్యాయామం. పిదప గోడ పట్టుకొని ఒంటికాలిపై నిలవడం అలవాటు చేయాలి. దీనికి కారణమున్నది. సంధిబంధనాలలోని నాడుల కొనలు పాదం ఏ వాలున ఉన్నదో మెదడుకు తెలుపుతుంటవి. బెణుకుతో ఆ వార్త మందగిస్తుందనీ, అందుకే కొందరి కాలు పదేపదే మడతపడుతుందనీ 1965లో ఇంగ్లండులో ఫ్రీమన్ సూచించి, నిలకడ అభ్యాసాలను ప్రతిపాదించాడు. ఆ అభ్యాసాలు బెణుకు తిరగబెట్టడాన్ని తగ్గిస్తాయని తరువాతి పరీక్షలు చూపినవి.

చిన్న బెణుకు రెండు వారాలలో సర్దుకోవచ్చు. పెద్దదానికి నెలలు పట్టవచ్చు. నొప్పి పోయినంత మాత్రాన కాలు బాగుపడినట్లు కాదు. ఆ కాలిపై ఒంటిగా, తూలకుండా నిలవగలిగిన తరువాతనే నారుకట్ట ఎత్తుకోవాలి, బరిలోకి దిగాలి.