ఇంజనీరింగు చదువు: సొంత రాష్ట్రమా, పొరుగు రాష్ట్రమా?

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినది మొదలు ప్రవేశములు ముగియువరకు మన గృహములలో ఒకే ప్రశ్న వినవచ్చుచుండును. బిడ్డను ఇంజనీరింగు చదువునకై సొంత రాష్ట్రములోనే ఉంచవలెనా, పొరుగు రాష్ట్రమునకు పంపవలెనా? అందరికిని చెల్లునట్టి సమాధానము దీనికి లేదు. కాని సమాధానమును వెదకుకొను మార్గము కలదు. దానినే ఇచ్చట వివరింపదలచితిమి.

మన పెద్దలకు ఈ ఎంపిక లేకుండెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు బెంగుళూరులో పట్టభద్రులైన పిమ్మట ఇంజనీరింగు కొరకు పూనాకు పోవలసివచ్చినది. 1902లో కంకిపాడులో జన్మించిన కె. ఎల్. రావుగారు మద్రాసునందలి గిండీ కళాశాలలో చదివిరి. తరువాత 1929లో హైదరాబాదున ఉస్మానియా ఇంజనీరింగు కళాశాలయు, 1946లో కాకినాడ, అనంతపురము కళాశాలలును, 1959లో వరంగల్లు ప్రాంతీయ కళాశాలయు ఏర్పడినవి. విద్య ఇంటిముంగిటికే వచ్చినది. కావున నేడు పొరుగునకు పోవుట విధిలేక చేయు పని కాదు. ఆలోచించి చేయవలసిన పని.

మొట్టమొదట తేల్చుకొనవలసినది స్థానికత. మన విద్యార్థిని రెండు వేర్వేరు కొలబద్దలతో కొలుచుచున్నారను సంగతి పెక్కుమంది తల్లిదండ్రులు ఆలస్యముగా తెలిసికొనుచున్నారు.

మొదటిది రాష్ట్రపు కొలబద్ద. రాజ్యాంగములోని 371-డి అధికరణము ననుసరించి 1974లో రాష్ట్రపతి జారీచేసిన ఉత్తరువు నూటికి 85 సీట్లను స్థానికులకు కేటాయించినది. అర్హతపరీక్షతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతములో చదివినవారు స్థానికులగుట ఇందలి ముఖ్యసూత్రము. 2014 నాటి విభజన చట్టములోని 95వ విభాగము ఉభయరాష్ట్రముల విద్యార్థులకును పది సంవత్సరములపాటు పూర్వపు ప్రవేశవిధానమునే నిలిపినది. ఆ గడువు 2024 జూన్ 2వ తేదీతో తీరిపోయినది. కావున సరిహద్దు దాటి చదివిన బిడ్డ గల కుటుంబములు పాతమాటలను నమ్మక, ఆ సంవత్సరపు నిబంధనలను స్వయముగా చదువుకొనవలెను.

రెండవది ఎన్.ఐ.టి.ల కొలబద్ద. ఆ సంస్థలలో సగము సీట్లు అవి వెలసిన రాష్ట్రపు విద్యార్థులకు చెందును. అయితే అచ్చట సొంత రాష్ట్రమనగా పుట్టిన ఊరుగల రాష్ట్రము కాదు. పన్నెండవ తరగతి ఉత్తీర్ణుడైన రాష్ట్రము. ఒక ఉదాహరణము చూతము. విజయవాడలో పదవ తరగతి వరకు చదివి, ఇంటర్మీడియట్ మాత్రము హైదరాబాదులో ముగించిన బాలుడున్నాడనుకొందము. ఎన్.ఐ.టి.ల లెక్కలో అతని రాష్ట్రము తెలంగాణయే. వరంగల్లులో సొంత రాష్ట్రపు సగములో అతనికి పాలు కలదు. 2015లో తాడేపల్లిగూడెమున నెలకొన్న సంస్థలో అతడు ఇతర రాష్ట్రమువాడు. అయినను తెలంగాణలో చదివినది రెండేండ్లే గనుక, రాష్ట్రపు కొలబద్ద ప్రకారము ఆ చదువుమాత్రమున అతడు అచ్చట స్థానికుడు కాజాలడు. ఇంటర్మీడియట్ ఎక్కడ చదివించవలెనను నిర్ణయము, తెలియకయే, ఇంజనీరింగు నిర్ణయములో సగమగుచున్నది.

ఐ.ఐ.టి.లలో ఇట్టి రాష్ట్రభేదము లేదు. 2008లో ఏర్పడిన హైదరాబాదు ఐ.ఐ.టి.లో గాని, 2015లో ఏర్పడిన తిరుపతి ఐ.ఐ.టి.లో గాని తెలుగువారికి ప్రత్యేకపు వాటా లేదు. దగ్గర ఉన్నంతమాత్రమున మనది కాదు. దూరమైనంతమాత్రమున పరాయిది కాదు.

ఇక ధనము మాట. అమెరికాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములు పరరాష్ట్రపు విద్యార్థి యొద్ద ఎక్కువ రుసుము వసూలుచేయుట వాడుక. మన ఎన్.ఐ.టి.లలో అట్లు లేదు. 2016లో బి.టెక్. బోధనారుసుమును సంవత్సరమునకు 1,25,000 రూపాయలుగా నిర్ణయించినపుడు స్థానికునికిని ఇతరునికిని ఒకటే చేసిరి. బీదకుటుంబములకు మినహాయింపులును కల్పించిరి. కాని ప్రైవేటు విశ్వవిద్యాలయముల సంగతి వేరు. రాష్ట్రప్రభుత్వము చెల్లించు రుసుము సహాయము బిడ్డ సరిహద్దు దాటిన పిదప వర్తించునా లేదా యని ముందే విచారింపవలెను. దానికి వసతిగృహపు ఖర్చును, ఏటికి రెండుమూడు ప్రయాణముల ఖర్చును కలుపుకొనవలెను.

అప్పుచేసి పంపువారు ఒక చిన్న లెక్క వేసికొనుట మంచిది. ఏటి మొదట రెండేసి లక్షల చొప్పున నాలుగేండ్లు అప్పు తీసికొని, నూటికి పది రూపాయల సాధారణవడ్డీపై, చదువు ముగిసిన సంవత్సరమునకు తీర్చ మొదలిడినచో, అసలు ఎనిమిది లక్షలకు వడ్డీయే 2,80,000 రూపాయలగును. రెండెకరముల పొలమే ఆధారమైన ఇంట ఈ అంకె చిన్నది కాదు. బిడ్డ ఉద్యోగము ఆలస్యమైనచో ఆ భారమును మోయువారెవరో ముందే మాటలాడుకొనుట ఉచితము.

చదువు విలువను ఊరు నిర్ణయింపదు. కోరిన శాఖలో అధ్యాపకులు చాలినంతమంది ఉన్నారా, ప్రయోగశాలలలో విద్యార్థి చేతులతో పనిచేయుచున్నాడా, ఆ శాఖకు జాతీయ గుర్తింపుమండలి గుర్తింపు కలదా అనునవి అడుగవలసిన ప్రశ్నలు. ప్రకటనలలోని పెద్దజీతము ఒక్కరిది కావచ్చును. మధ్యస్థుడైన విద్యార్థికి ఏమి దొరకుచున్నదో అచ్చటి మూడవ, నాలుగవ సంవత్సరపు విద్యార్థులనే అడిగి తెలిసికొనవలెను. ఇంతకంటె నిజమైన సమాచారము దొరకదు.

పొరుగునకు పోవుటలో లాభము లేకపోలేదు. కొత్తభాష చెవినిబడును, పలుప్రాంతములవారితో స్నేహము కుదురును, తన పని తాను చేసికొను అలవాటు కలుగును. అయితే అన్నము సరిపడక, మనసు చెప్పుకొనువారు లేక మొదటి ఏడు క్రుంగిపోవు పిల్లలును కలరు. బిడ్డ స్వభావమును ఎరిగినవారు తల్లిదండ్రులే. ఇచ్చట మరియొక మాట చెప్పక తప్పదు. కుమారునకు దూరదేశము, కుమార్తెకు దగ్గరి కళాశాల అను నియమము పెక్కు ఇండ్లలో విచారణ లేకయే అమలగుచున్నది. ర్యాంకు ఇచ్చిన హక్కును భయము హరింపరాదు.

సారాంశమిది. మొదట బిడ్డ ఏ కొలబద్దకు ఎచ్చట స్థానికుడో తేల్చుకొనుడు. పిదప గత సంవత్సరపు చివరి ర్యాంకులను సొంత రాష్ట్రపు పట్టికలోను, ఇతర రాష్ట్రపు పట్టికలోను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. అటుపిమ్మట నాలుగేండ్ల మొత్తము ఖర్చును కాగితముపై వ్రాయుడు. శాఖయు, బోధనయు సమానముగానున్నచో, అప్పు తక్కువయగు చోటే మేలు. దూరపు సంస్థ నిజముగా మెరుగైనదై, భారము మోయదగినదైనచో, సరిహద్దును చూచి వెనుకాడనక్కరలేదు. ఆ కాగితము ముందుంచుకొని మాటలాడునపుడు బిడ్డను కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. నాలుగేండ్లు అచ్చట గడపవలసినది ఆ బిడ్డయే గదా!